సి లో ఆబ్జెక్టులు: అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగితే స్పీడ్ ఎక్కడిది?

వజ్రకరూరు నుంచి మాట్లాడుతున్నా. మధ్యమధ్యలో హోరు వినిపిస్తే మైకు పోయిందనుకోవద్దు, అది ఆషాఢం గాలి. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే హోరు. హోరే మేలనుకున్నా.

పోయిన ఎపిసోడ్‌లో సి లాంగ్వేజ్‌లో ఆబ్జెక్ట్ సిస్టమ్ ఎట్లా కట్టుకోవాలో చూశాం. చూడనివాళ్ళకు నాలుగు మాటల్లో చెప్తా. సి లో క్లాస్ లేదు, ఇన్‌హెరిటెన్స్ లేదు. ఉండేది స్ట్రక్ట్, పాయింటర్, అంతే. కాబట్టి మనమే కట్టుకున్నాం. స్ట్రక్ట్‌లో మొట్టమొదటి గడిలో ఒక పాయింటర్ పెట్టాం. ఆ వస్తువు ఏ జాతిదో చెప్పే పట్టిక ఒకటుంటుంది కదా, దాన్ని చూపిస్తుంది ఆ పాయింటర్. పట్టికలో ఫంక్షన్ల అడ్రసులుంటాయి. మన ఉదాహరణలో మూడు జాతులు: బోరు, డ్రిప్ వాల్వు, మట్టిలో తేమ చూసే సెన్సారు. మూడిటికీ "నీ రీడింగ్ చెప్పు" అనే మెథడ్ ఒకటుంది. పిలిచేవాడికి ఎదురుగా ఉన్నది బోరా సెన్సారా తెలియక్కరలేదు. పిలిస్తే చాలు, ఎవరి పద్ధతిలో వాళ్ళు పలుకుతారు.

ఆ ఎపిసోడ్ తర్వాత ఎక్కువమంది అడిగింది ఒకటే. "అన్నా, సి లో రాస్తే ఫాస్టే కదా, ఇంక స్పీడ్ గురించి తలనొప్పి ఎందుకు?"

సి ఫాస్టే. కానీ మనం సి మీద కట్టిన ఇల్లు ఫాస్ట్ కావాలని రూలేమీ లేదు. ఇంకో సంగతి. మా వైపు ఒక ఫోన్ ఒక్కరి దగ్గరే పుట్టి అక్కడే పోదు. అన్న వాడింది తమ్ముడికొస్తుంది, తమ్ముడు వాడింది అమ్మకు పోతుంది. రెండు జీబీ ర్యామ్ ఫోన్లు ఇంకా చేతుల్లో ఉన్నాయి. యాప్ నత్తలాగా కదిలితే అందరూ ఇచ్చే సలహా ఒకటే: కొత్త ఫోన్ కొనుక్కో. శెనక్కాయ పంట చేతికొస్తుందో రాదో తెలియని ఇంట్లో ఆ సలహాకు అర్థం లేదు. ప్రోగ్రామరు బద్ధకంగా రాసిన కోడ్‌కు ఆ ఇంటివాళ్ళు డబ్బు కడుతున్నారు. అందుకే ఈ తలనొప్పి.

సరే, లోపలికి పోదాం. ఒక మెథడ్‌ను పిలిచినప్పుడు ఏం జరుగుతుంది? ముందు ఆబ్జెక్ట్ దగ్గరికి పోయి జాతి పాయింటర్ చదవాలి. ఆ పాయింటర్ పట్టుకుని పట్టిక దగ్గరికి పోయి ఫంక్షన్ అడ్రస్ చదవాలి. ఆ అడ్రస్‌కు దూకాలి. మూడడుగులు, ఒకటి అయితే గాని రెండోది మొదలుకాదు. చదవాల్సింది ప్రాసెసర్ పక్కనే ఉండే ఎల్ వన్ క్యాష్‌లో ఉంటే ఒక్కో అడుగుకు నాలుగైదు సైకిళ్ళు. ర్యామ్ దాకా పోవాల్సి వస్తే వందకు పైగా. ఇది మొదటి నష్టం.

రెండో నష్టం కంటికి కనపడదు, నా లెక్కలో అదే పెద్దది. ఫంక్షన్‌ను నేరుగా పేరు పెట్టి పిలిస్తే కంపైలర్ దాన్ని తెచ్చి పిలిచినచోటే పరిచేస్తుంది. ఇన్‌లైన్ చేయడం అంటే అదే. పరిచాక లోపల ఏముందో దానికి కనిపిస్తుంది, అనవసరమైనవి తీసేస్తుంది, లూప్‌ను ఒకేసారి నాలుగేసి లెక్కలు చేసేట్టు మారుస్తుంది. పాయింటర్ ద్వారా పిలిస్తే మధ్యలో గోడ. గోడ అవతల ఎవరున్నారో తెలియనప్పుడు పాపం కంపైలర్ మాత్రం ఏం చేస్తుంది?

ఇప్పుడు మన ఉదాహరణ తీసుకోండి. పది లక్షల ఆబ్జెక్టులు ఒకే అరేలో కలగాపులగంగా ఉన్నాయి. లూప్ తిరుగుతోంది. ప్రతి ఆబ్జెక్ట్‌నూ "నువ్వెవరు? నిన్నెట్లా చదవాలి?" అని అడుగుతోంది. పది లక్షల సార్లు అదే ప్రశ్న. వచ్చే జవాబులు మాత్రం మూడే. మరి బోర్లన్నీ ఒక అరేలో, వాల్వులన్నీ ఒకదాంట్లో, సెన్సార్లన్నీ ఇంకోదాంట్లో పెడితే? ప్రశ్న మూడు సార్లు అడిగితే సరిపోతుంది. లూప్ బయటే ఫంక్షన్ ఏదో తేల్చుకుని లోపల నేరుగా పిలవొచ్చు. చాలా ప్రోగ్రాముల్లో ఈ ఒక్క మార్పు ఇచ్చే లాభం మిగతావన్నీ కలిపినా ఇవ్వవు. చేసేవాళ్ళు తక్కువ, ఎందుకంటే ఇందులో గొప్పగా చెప్పుకోడానికేం లేదు, సామాను సర్దుకోవడమే కదా.

వేరుగా సర్దడం కుదరని చోట్లు కూడా ఉంటాయి. దీనికి మంచి ఉదాహరణ మీ చేతిలోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అడుగున నడిచేది లినక్స్ కెర్నల్. అది సి లో రాసిన మహా పెద్ద ఆబ్జెక్ట్ సిస్టమ్. ఫైల్ అంటే ఏం చేయాలి, తెరవడం, చదవడం, రాయడం, వీటన్నిటికీ ఫంక్షన్ పాయింటర్ల పట్టిక ఉంటుంది. ఏ ఫైల్ సిస్టమ్ దాని పట్టిక అది ఇస్తుంది. మనం కట్టిందే, ఊరంత సైజులో.

2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. పాయింటర్ ద్వారా దూకేటప్పుడు ప్రాసెసర్ "ఇంతకుముందు ఫలానా చోటికి దూకాడు, ఇప్పుడూ అక్కడికే" అని ఊహించి ముందే పని మొదలుపెడుతుంది. దాడి చేసేవాడు ఆ ఊహకే తప్పుడు శిక్షణ ఇచ్చి రహస్యాలు లాగొచ్చని తేలింది. దానికి ఇంటెల్ తరహా ప్రాసెసర్ల మీద రెట్‌పోలిన్ అనే అడ్డుకట్ట వేశారు. అంటే ఆ ఊహను కావాలనే పనికిరాకుండా చేయడం. అంతవరకు చవగ్గా దొరికిన ఇన్‌డైరెక్ట్ కాల్ ఒక్కసారిగా ఖరీదైపోయింది. నెట్‌వర్క్ కోడ్‌కు దెబ్బ బాగా తగిలింది, ఒక్కో ప్యాకెట్‌కు ఇట్లాంటి పిలుపులు ఎన్నో ఉంటాయి మరి.

వాళ్ళు వేసిన మందు చూడండి, ఎంత సింపుల్‌గా ఉందో. వచ్చే ప్యాకెట్లలో ఎక్కువభాగం టిసిపి, లేకపోతే యుడిపి. కాబట్టి పిలిచే ముందు ఒక్క పోలిక: ఈ పాయింటర్ టిసిపి ఫంక్షన్ అడ్రసేనా? అవును అయితే నేరుగా పేరుతో పిలువు. కాకపోతే పాత దారిలో పో. అంతే. ఒక "ఇఫ్" వేసి పెద్ద ఖర్చు తప్పించారు. ఆ తర్వాత 2020లో వచ్చిన 5.10 కెర్నల్‌లో స్టాటిక్ కాల్ అని ఇంకో అడుగు వేశారు. నడుస్తున్న కెర్నల్ కోడ్‌లోనే ఆ పిలుపు దగ్గర అడ్రస్ దిద్దేస్తారు. ఎప్పుడో ఒకసారి మారే పాయింటర్‌కు ఇది సరైన పద్ధతి. మన చిన్న ప్రోగ్రాములకు ఇంతదూరం అక్కరలేదు గానీ, ఆ "ఇఫ్" మాత్రం ఈ సాయంత్రమే వాడుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది పట్టికలో గడి నెంబరు ముందే తెలిసిన కేసు. కొన్ని సిస్టమ్‌లలో మెథడ్‌ను పేరుతో వెతుకుతారు. ఆబ్జెక్టివ్ సి అట్లాంటిది, పైథాన్ అట్లాంటిది. మీ కాలేజీలో నేర్పే పైథాన్, ఎక్కువగా వాడే సిపైథాన్, లోపల సి లో రాసిన ఆబ్జెక్ట్ సిస్టమే. పేరుతో వెతకడం అంటే, ఈ జాతిలో ఉందా చూడు, లేకపోతే దాని తల్లి జాతిలో, లేకపోతే అమ్మమ్మ జాతిలో. పేర్లను అక్షరం అక్షరం పోలిస్తే ఇక తెల్లారిపోతుంది. అందుకే మొదటి చిట్కా: ప్రతి పేరునూ ఒక్క కాపీగా ఒకేచోట దాచి, ఆ తర్వాత దాని అడ్రస్‌నే వాడాలి. రెండు పేర్లు ఒకటేనా అంటే రెండు అడ్రసులు ఒకటేనా అని చూస్తే చాలు. రెండో చిట్కా: ఒకసారి దొరికిన జవాబును రాసిపెట్టుకోవాలి. అదే క్యాష్.

క్యాష్ గురించి మా ఊరి లెక్కలో చెప్తా. తొలకరి పడిందంటే మా చుట్టుపక్కల చేలల్లోకి జనం వస్తారు. ఇక్కడోళ్ళే కాదు, కర్నూలు వైపు నుంచి, కర్ణాటక నుంచి కూడా. తల వంచుకుని, నేల చూసుకుంటా, వజ్రం కోసం. పొద్దున ఒకరు వెతికిన చేలోనే మధ్యాహ్నం ఇంకొకరు వెతుకుతారు. ఎవరు ఎక్కడ చూశారో రాసిపెట్టిన లెక్క ఉండదు. ఇది క్యాష్ లేని ప్రోగ్రాము. సరే, ఎవరో తెలివైనవాడు నోటుబుక్కు పెట్టి "ఈ చేను చూశాం, ఏం లేదు" అని రాశాడనుకోండి. రాత్రికి ఒక గట్టి వాన పడింది. పైమట్టి కొట్టుకుపోయి కొత్త రాళ్ళు తేలాయి. ఇప్పుడు ఆ నోటుబుక్కు? అబద్ధం. నిన్నటిదాకా సరిగ్గా ఉన్న లెక్కే.

క్యాష్ రాయడం పది నిమిషాల పని. వాన ఎప్పుడు పడిందో తెలుసుకోవడమే అసలు పని. ఎవరైనా ఒక క్లాస్‌లో మెథడ్ మార్చినప్పుడు పాత జవాబు చెల్లదు. సిపైథాన్ దీనికి ప్రతి టైప్‌కూ ఒక వెర్షన్ నెంబరు ఇచ్చింది. టైప్ మారితే ఆ నెంబరు చెల్లదు. క్యాష్‌లో జవాబు పక్కనే "ఇది ఫలానా నెంబరు నాటి మాట" అని ఉంటుంది. నెంబరు కలవకపోతే పారేసి మళ్ళీ వెతుకుతుంది. 2022 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.11 ఈ ఆలోచనను ఇంకా లోపలికి తీసుకుపోయింది. ప్రోగ్రాములో పిలుపు జరిగే ఆ చోటులోనే జవాబు రాసిపెట్టుకుంటుంది, ఎందుకంటే ఒక లైను మామూలుగా ఒకే జాతి ఆబ్జెక్టులతోనే నడుస్తుంది. వాళ్ళ స్టాండర్డ్ టెస్టుల మీద 3.10 కంటే సగటున 1.25 రెట్ల స్పీడ్ అని ప్రకటించారు. ఈ చిట్కా కొత్తదేం కాదప్పా. 1984లోనే డాయిచ్, షిఫ్‌మన్ అనే ఇద్దరు స్మాల్‌టాక్ అనే భాష కోసం చేసి చూపించారు.

తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. "లక్ష్మి" అని టైప్ చేయండి. మనకు రెండే అక్షరాలు. ఫోన్‌కు అవి ఏడు కోడ్‌లు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడిటినీ చూసి ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలి, గుడి ఎవరి నెత్తిన పెట్టాలి అని తేల్చేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. మీరు ఈ స్క్రిప్టు ఆండ్రాయిడ్ ఫోన్‌లో చదువుతుంటే, ఈ వాక్యం కూడా దాని చేతి మీదుగానే వచ్చింది. లోపలి కోడ్ సి ప్లస్ ప్లస్, బయటికి చూపించేది మాత్రం శుద్ధమైన సి ఆబ్జెక్టులు.

తెలుగు లిపికి, ఈ ఫాంట్‌తో, ఏయే నియమాలు ఏ వరుసలో నడపాలి అన్న ప్లాన్ ఒకటి అది ముందు తయారు చేసుకుంటుంది. అది చిన్న పని కాదు. ప్రతి పదానికీ కొత్తగా చేస్తే వాట్సాప్‌లో ఒక పొడుగు మెసేజ్ స్క్రోల్ చేయడానికే ఫోన్ ఆయాసపడుతుంది. అందుకే ఒకసారి వేసిన ప్లాన్‌ను దాచుకుని, అదే ఫాంట్ అదే లిపి మళ్ళీ వస్తే దాన్నే వాడుతుంది. ఇంగ్లీషు కంటే మన లిపికి పని ఎక్కువ, కాబట్టి ఇట్లాంటి పొదుపు వల్ల లాభం కూడా మనకే ఎక్కువ.

ఇక రకం సరిచూడటం. "ఈ ఆబ్జెక్టు సెన్సార్ జాతికి చెందినదేనా, లేక దాని వారసుడా?" అని అడుగుతాం కదా. తేలిక పద్ధతి, తల్లిని అడుగు, తల్లి తల్లిని అడుగు, పైదాకా పోతూ ఉండు. వంశం పొడుగైతే నడక పొడుగు. జీఆబ్జెక్ట్ అని ఒక సిస్టమ్ ఉంది, లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్, జింప్ లాంటివి దాని మీదే నిలబడ్డాయి. అది ఏం చేస్తుందంటే, ప్రతి జాతి దగ్గరా దాని వంశవృక్షం మొత్తం వరుసగా రాసి పెడుతుంది. "మీ వంశంలో పైనుంచి మూడో తరం ఎవరు?" అంటే నేరుగా మూడో గడి చూడటమే. ఎంత లోతున్నా ఒక్క పోలికతో తేలిపోతుంది. ఇది పద్ధతి ప్రకారం రాసింది నార్మన్ కోహెన్, 1991లో. దీనికి తోడు, టెస్టింగ్ అయిపోయిన బిల్డ్‌లో ఈ చెకింగ్‌లను మొత్తంగా ఆపేసే స్విచ్ కూడా జీఆబ్జెక్ట్‌లో ఉంది. స్విచ్ ఉంది కదా అని మొదటిరోజే నొక్కేయకండి. తప్పు పాయింటర్‌ను పట్టుకునేది ఆ చెకింగే.

రిఫరెన్స్ కౌంటింగ్ దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇక్కడ ఖర్చు ఎవరూ అనుకోని చోట ఉంటుంది. ఆబ్జెక్టును ఎంతమంది వాడుతున్నారో అందులోనే ఒక లెక్క ఉంటుంది. తీసుకుంటే ఒకటి పెంచు, వదిలితే ఒకటి తగ్గించు, సున్నా అయితే పారేయ్. చూడ్డానికి ఎంత చిన్న పని. కానీ గమనించండి, కేవలం చదువుదామని తీసుకున్నా ఆబ్జెక్టులో రాయాల్సి వస్తోంది. రెండు థ్రెడ్లు ఒకే ఆబ్జెక్టును చదువుతుంటే, ఆ లెక్క ఉన్న 64 బైట్ల ముక్క ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు బంతిలాగా తిరుగుతూ ఉంటుంది.

ఇన్‌స్టాగ్రామ్ సర్వర్లు పైథాన్‌లో నడుస్తాయి. ఒక ప్రాసెస్ నుంచి చాలా పిల్ల ప్రాసెస్‌లు పుట్టి, తల్లి మెమరీని పంచుకుంటాయి. ఎవరైనా రాస్తేనే ఆ పేజీ కాపీ అవుతుంది. చదవడమే రాయడమైతే? పంచుకోవాల్సిన పేజీలన్నీ కాపీలైపోతాయి. అక్కడి ఇంజినీర్లు దీనితో చాలా కుస్తీ పట్టారు. చివరికి 2023లో వచ్చిన పైథాన్ 3.12లో, నన్, ట్రూ, ఫాల్స్ లాంటి ఆబ్జెక్టులను ఇమ్మోర్టల్ చేశారు, అంటే చిరంజీవులు. సినిమా చిరంజీవి కాదు, హనుమంతుడు, విభీషణుడు టైపు. ఎప్పటికీ పోని వాడికి లెక్క ఎందుకు? ముట్టుకోవద్దు. ప్రతిసారీ "నువ్వు చిరంజీవివా?" అని అడగడానికి కూడా ఖర్చుంది, సాదాసీదాగా చేస్తే స్పీడ్ కాస్త తగ్గుతుందని ఆ ప్రతిపాదనలోనే రాశారు. ఆ తర్వాత దాన్ని సర్దుకున్నారు. హార్ఫ్‌బజ్‌లో కూడా ఇట్లాంటి ఖాళీ ఆబ్జెక్టులు ఉన్నాయి, వాటిని ఎన్నిసార్లు తీసుకున్నా వదిలినా లెక్క మారదు.

మన కోడ్‌లో దీనికంటే సులువైన దారి ఉంది. ఫంక్షన్‌కు ఆబ్జెక్టును పంపేటప్పుడు పిలిచేవాడే దాన్ని పట్టుకుని ఉన్నాడంటే, లోపల మళ్ళీ పెంచి తగ్గించే పని పెట్టుకోవద్దు. అప్పు తెచ్చుకున్న కడ్డీపారకు రిజిస్ట్రేషన్ చేయించుకుంటామా ఎవరైనా?

మెమరీ గురించి త్వరగా చెప్పేస్తా. స్ట్రక్ట్‌లో ఒక క్యారెక్టర్, ఒక పాయింటర్, మళ్ళీ క్యారెక్టర్, మళ్ళీ పాయింటర్ అని రాస్తే 64 బిట్ ఫోన్‌లో 32 బైట్లు. పాయింటర్లు రెండూ ముందు పెట్టి క్యారెక్టర్లు వెనక పెడితే 24. పది లక్షల ఆబ్జెక్టులకు 80 లక్షల బైట్లు మిగిలాయి, వరుస మార్చినందుకు. ఎక్కువసార్లు చదివేవి పక్కపక్కన పెట్టండి, ఎప్పుడో చూసే ఊరి పేరు, ఫోటో లాంటివి వేరే స్ట్రక్ట్‌లోకి తోసేయండి. చిన్న చిన్న ఆబ్జెక్టులకు మన సొంత పూల్ కట్టుకోవడం మంచిదా అని అడుగుతారు. ఒకప్పుడు మంచిదే. గ్నోమ్ వాళ్ళ జీలిబ్‌లో దీనికోసమే ఒక అలొకేటర్ ఏళ్ళ తరబడి ఉండేది. 2.76 వెర్షన్‌లో దాన్ని తీసేసి మామూలు మ్యాలక్‌కే అప్పగించారు. కాబట్టి కొలవకుండా పూల్ కట్టొద్దు.

కొలవడం అన్నాను కదా, అక్కడే మావైపు వాళ్ళకు ఒక ప్రత్యేకమైన చిక్కు. లాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, టర్మక్స్ యాప్‌లో క్లాంగ్ కంపైలర్ ఇన్‌స్టాల్ అవుతుంది, ఫోన్‌లోనే సి నడుస్తుంది. కానీ ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తన స్పీడ్ తనే తగ్గించుకుంటుంది. అనంతపురం ఎండలో అది ఎంతసేపటి మాట? ముందు పాత కోడ్ పదిసార్లు, తర్వాత కొత్త కోడ్ పదిసార్లు నడిపితే, కొత్తది వేడి ఫోన్ మీద నడుస్తుంది. పాపం బాగా రాసినా ఓడిపోతుంది. అందుకని పాతది ఒకసారి, కొత్తది ఒకసారి, పాతది, కొత్తది, ఇట్లా మార్చి మార్చి నడపండి. ఆప్టిమైజేషన్ ఓ టూ పెట్టే కంపైల్ చేయండి. లూప్‌లో వచ్చిన మొత్తాన్ని చివర్లో ప్రింట్ చేయండి, లేకపోతే ఎవరికీ అక్కరలేని లెక్క అని కంపైలర్ ఆ లూప్‌నే తీసేసి మీకు సున్నా సెకన్లు చూపిస్తుంది. ఆ సున్నా చూసి సంబరపడినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఈ వారం పని ఇదీ. ఒక ప్రోగ్రాములో పది లక్షల ఆబ్జెక్టులు కలగాపులగంగా, ఇంకోదాంట్లో అవే పది లక్షలు జాతివారీగా మూడు అరేల్లో. రెండిట్లోనూ మొత్తం ఒకటే రావాలి, రాకపోతే స్పీడ్ సంగతి తర్వాత, ముందు లెక్క సరిచేసుకోండి. ఫోన్‌కు కవరు తీసేసి, ఛార్జింగ్ వైరు పీకేసి, నీడలో పెట్టి నడపండి. వచ్చే ఎపిసోడ్‌కు మీ మీ ఫోన్ల మోడల్, రెండు టైమింగ్‌లు తీసుకుని రండి, పాత ఫోన్లవైతే ఇంకా మంచిది.